పొడుగు చెయ్యి

నాన్నగారి గుర్తుగా మిగిలింది ఆ తోలుసంచి ఒక్కటే. దాని అడుగున కుట్టు విడిపోతే, ఇంట్లో మిషనుందన్న ధీమాతో నేనే కూర్చున్నాను. రెండు సూదులు విరిగాయి. మా ఆవిడ నవ్వు దాచుకోలేదు.

బజారు చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర సింగర్ 29కె ఉంది. ‘కె’ అంటే స్కాట్లండులోని క్లైడ్‌బాంక్‌లో తయారైందని గుర్తు. ఆ కర్మాగారం 1980లోనే మూతపడింది. మిషను మాత్రం ఆడుతూనే ఉంది. దాని సన్నని పొడుగు చెయ్యి సంచి అడుగుదాకా దూరింది. సంచి తిప్పే పనిలేదు. సూది పక్కనున్న పాదమే ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఆయన చక్రం చేత్తో మెల్లగా తిప్పాడు.

“పాత కన్నాల్లోనే కుట్టాను బాబూ. కొత్తవి పొడిస్తే తోలు చిరుగుతుంది.”

ఏది నాన్నగారినాటి కుట్టో నాకే తెలియలేదు. విరిగిన సూదులు మాత్రం మా ఆవిడ భద్రంగా దాచింది, వచ్చినవాళ్ళకు చూపించడానికి!