రాజేంద్రనగర్‌లో మేక క్లోమం

గాజు పట్టీని చతురస్రంగా విరిచి, దాన్ని మళ్లీ మూలకు మూల విరిస్తే రెండు త్రికోణాలు వస్తాయి. విరిగిన ఆ అంచే కత్తి. సాన పట్టడం ఉండదు, చేత్తో తాకడం అసలే ఉండదు. ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం పలచటి సెక్షన్లు కోసే పెద్దాయన దాన్ని వెలుతురుకెత్తి, కళ్లు చిట్లించి చూసి, అంచులో కొంత భాగమే పనికొస్తుందన్నారు. ఆ కాస్త మేర వెనక చిన్న టేపు ముక్కను తొట్టిలా వంచి అంటించి, కారకుండా గోళ్ల రంగు పూశారు. సిరంజితో నీళ్లు నింపారు. వజ్రపు కత్తులూ ఉంటాయి కానీ ఖరీదు లక్షల్లో. నేర్చుకునేవాళ్లకు గాజే మంచిదని ఆయన అభిప్రాయం.

ఇది హైదరాబాద్‌ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోని రస్కా ల్యాబ్. చేప మొప్ప, కోడి కాలేయం, మొక్క ఆకు, ఏదైనా సరే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూడాల్సి వస్తే మన పరిశోధక విద్యార్థులు ఈ తలుపు తడతారు. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్‌తో కలిసి మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కట్టిన ఎర్న్‌స్ట్ రస్కా పేరే దీనికి పెట్టారు. ఆయనకు నోబెల్ బహుమతి ఇవ్వడానికి 1986 దాకా పట్టింది. ఆ లోపు జీవకణం లోపలి అమరిక గురించి మనిషి నేర్చుకున్నదాంట్లో సగానికి పైగా ఆ యంత్రం చూపించిందేనంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

నేను వెళ్లింది మా అన్నయ్య కూతురి వెంట. పశువైద్యంలో పీజీ చేస్తోంది. పాలు తాగే మేకపిల్లలోనూ, ఆకులు మేసే పెద్దమేకలోనూ క్లోమగ్రంథి కణాలు ఎలా మారతాయన్నది ఆమె విషయం. "నువ్వు కణం బొమ్మ పుస్తకంలో చూశావు కదా బాబాయ్, అసలుది చూద్దువుగాని రా" అంది. బడి పుస్తకంలో ఆ బొమ్మ మనందరికీ కంఠస్థమే. గుండ్రటి గీత, మధ్యలో కేంద్రకం, పక్కన రెండు మైటోకాండ్రియా, ఒక గాల్జీ, చుట్టూ ఖాళీ. ఏ జంతువుదో, ఏ అవయవానిదో చెప్పని బొమ్మ. అలాంటి కణం ఏ ప్రాణిలోనూ లేదు. నాకు చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు అది.

ల్యాబ్‌కు వచ్చిన క్లోమం కత్తి కిందికి చేరేసరికి చాలా దూరం ప్రయాణిస్తుంది. ఒక మిల్లీమీటరు ముక్కలుగా తరిగి గ్లూటరాల్డిహైడ్ అనే ఫిక్సేటివ్‌లో వేస్తారు. ప్రోటీన్లన్నీ ఉన్నచోట ఉన్నట్టు బిగుసుకుంటాయి. తర్వాత ఆస్మియం టెట్రాక్సైడ్. అది కొవ్వును పట్టుకుని నల్లబరుస్తుంది. కణంలోని పొరలన్నీ కొవ్వుతో కట్టినవే కాబట్టి, తర్వాత మనకు కనిపించే నల్లగీతలన్నీ దాని పుణ్యమే. దాని ఆవిరి కంటిపొరను కూడా అలాగే నల్లబరుస్తుంది. అందుకే ఆ సీసా ఎగ్జాస్ట్ అల్మరా దాటి బయటికి రాదు. ఆపైన ఆల్కహాల్‌తో నీరంతా లాగేసి, ఆ స్థానంలో రెజిన్ నింపి, ఓవెన్‌లో మూడు రోజులు గట్టిపరుస్తారు. చివరికి చేతికి వచ్చేది తేనె రంగు ప్లాస్టిక్ దిమ్మె (బ్లాకు), దాని కొసన మిరియపు గింజలో సగం కూడా లేని నల్లచుక్క.

ఆ చుక్కను కోయడమే అసలు విద్య. పెద్దాయన ఫ్యాన్ ఆపించారు. తలుపు వేయించారు. "మాట్లాడుకోండి గానీ ఇటు గాలి వదలకండి" అన్నారు. యంత్రపు చేయి దిమ్మెను పట్టుకుని మెల్లగా కిందికి దిగుతుంది, కత్తిని ఒరుసుకుంటుంది, పైకి పోతుంది. దిగిన ప్రతిసారీ ఒక సెక్షన్ తెగి తొట్టిలోని నీటి మీద తేలుతుంది. ఒకదాని అంచుకు ఒకటి అతుక్కుని రిబ్బనులా సాగుతాయి. వాటి మందం కొలవడానికి ఏ పరికరమూ వాడరు. రంగే కొలత. బంగారు రంగులో మెరిస్తే 90 నానోమీటర్లు దాటినట్టు, పక్కన పెట్టేస్తారు. వెండి రంగులో ఉంటే 60 నుంచి 90 లోపు, అది కావాలి. బూడిద రంగైతే ఇంకా పలచన. మన వెంట్రుక మందంలో వెయ్యో వంతున్న పొరను కంటితో చూసి, రంగుతో బేరీజు వేసి, ఇది పనికొస్తుంది, అది రాదు అని క్షణంలో తేల్చేస్తుంటే నేను ఊరికే నిలబడి చూశాను. చెక్కపుల్ల చివర అంటించిన కనురెప్ప వెంట్రుక ఆయన పనిముట్టు. దానితోనే మంచి సెక్షన్లను ఒకచోటికి తోలి, మూడు మిల్లీమీటర్ల రాగి గ్రిడ్ మీదికి ఎత్తారు. 15 మైక్రాన్ల కణాన్ని ఈ లెక్కన కోస్తే 200 పైచిలుకు ముక్కలవుతుంది. మనం చూసే ప్రతి చిత్రమూ అందులో ఒక్క ముక్కే. అది ఎవరూ మరిచిపోకూడదు.

యురేనియం లవణంతో, సీసం లవణంతో రంగు పట్టించడం మా అమ్మాయి చేసింది. సీసం దగ్గర ఆయన పక్కనే నిలబడ్డారు. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే చాలు, సీసం కార్బొనేట్ ఏర్పడి చిత్రం నిండా నల్లచుక్కలు పడతాయట. "కనపడిందల్లా కణంలో ఉన్నదని రాయకమ్మా. మన చేతుల్లోంచి వచ్చింది కూడా అందులో ఉంటుంది" అన్నారు.

ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. 1898లో ఇటలీలో కమిల్లో గాల్జీ గుడ్లగూబ నాడీకణాలకు వెండి లవణం పట్టించి లోపల వల లాంటి నిర్మాణం చూశానన్నాడు. అది నిజంగా కణంలో ఉందా, లేక వెండి చేసిన మాయా అని శాస్త్రవేత్తలు అర్ధశతాబ్దం పాటు వాదించుకున్నారు. 1950లలో ఇలాంటి పలచటి సెక్షన్లు వచ్చాకే ఆ తగవు తీరింది. ఉంది. ఒకదానిపై ఒకటి పేర్చిన చదును సంచుల రూపంలో ఉంది.

గది చీకటి చేశారు. గ్రిడ్ లోపలికి వెళ్లింది, యంత్రంలో గాలి తోడేసే చప్పుడు ఆగింది, ఆకుపచ్చ తెర వెలిగింది. మొదట ఏమీ అర్థం కాలేదు. అమ్మాయి చక్రం తిప్పుతూ పోతే నెమ్మదిగా ఒక కణం నిలబడింది.

ఖాళీ అన్నది ఎక్కడా లేదు. కణంలో కింది సగమంతా ఆత్రేయపురం పూతరేకుల దొంతరలా పొర మీద పొర, పొర మీద పొర. అదే అంతర్జీవ ద్రవ్యజాలం. పొరల అంచున రవ్వంత నల్లచుక్కలు బారులు తీరి ఉన్నాయి. అవి రైబోసోములు, ఒక్కొక్కటి పాతిక ముప్పై నానోమీటర్లు. కేంద్రకం నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ సందేశాన్ని చదువుతూ అమైనో ఆమ్లాలను వరసగా కూర్చి ప్రోటీను అల్లేది ఇవే. అల్లుతుండగానే ఆ ప్రోటీను పొరలోని సన్నని దారి గుండా లోపలి సందులోకి దిగిపోతుంది. క్లోమం పని జీర్ణరసాలు తయారుచేసి బయటికి పంపడం కాబట్టి దాని కణమంతా ఆ పనికి తగ్గట్టే కట్టి ఉంది. ఈ కణంలోని పొరలన్నీ కలిపి కొలిస్తే అందులో దాదాపు 60 శాతం ఈ రైబోసోముల జాలానిదే. కణాన్ని చుట్టి ఉండే బయటి పొర వాటా 5 శాతం. కాలేయ కణంలో లెక్క వేరు. అక్కడ రైబోసోముల జాలం 35 శాతానికి దిగుతుంది. చుక్కలు లేని నునుపు జాలం, క్లోమంలో ఒక్క శాతం కూడా లేనిది, అక్కడ 16 శాతానికి పెరుగుతుంది. మనం మింగే మందుల్లో చాలావాటిని విరిచే ఎంజైములు ఆ నునుపు పొరల్లోనే ఉంటాయి మరి. చేసే పనిని బట్టి లోపలి ఇల్లు. పిల్లలకు నేర్పవలసింది ఇదే, ఏడెనిమిది పేర్ల పట్టిక కాదు.

కేంద్రకం కింది వైపున ఉంది. చుట్టూ జంట పొర, అందులో అక్కడక్కడ తెగినట్టు కనపడే చోట్లు. అవి రంధ్రాలు. ఒక్కో కేంద్రకానికి వేలల్లో ఉంటాయి. వచ్చేదేదో పోయేదేదో ఎంచి మరీ వదులుతాయి. బయటి పొర వెంట అమ్మాయి వేలు కదిపితే అది తెగకుండా ద్రవ్యజాలంలో కలిసిపోయింది. రెండూ ఒకటే పొర. పుస్తకంలో వేరు వేరు రంగులు వేసి విడదీసినవి ఇక్కడ కలిసే ఉన్నాయి.

చక్రం పైకి తిప్పితే గాల్జీ సంచులు, ఆపైన కణం కొసన నల్లటి గుండ్రటి రేణువులు, దట్టంగా. అవి జైమోజెన్ రేణువులు, మూటగట్టిన జీర్ణ ఎంజైములు. కింద తయారైన సరుకు మధ్యలో గాల్జీకి చేరి, అక్కడ సవరణలు పొంది, మూటల్లో పైకి వస్తోందని చూడగానే అనిపిస్తుంది. కానీ ఈ చిత్రం ఎప్పుడో ఆగిపోయిన క్షణం. ఎటు నుంచి ఎటో ఇది చెప్పదు. దాన్ని తేల్చింది జార్జ్ పలాడీ, జేమ్స్ జేమీసన్. 1967లో గినీపంది క్లోమం ముక్కలకు రేడియోధార్మిక అమైనో ఆమ్లాన్ని మూడు నిమిషాలు మాత్రమే అందించి, తర్వాత మామూలుది ఇచ్చి, ఒక్కో ముక్కను ఒక్కో సమయంలో బిగించారు. మూడు నిమిషాలప్పుడు ఆనవాలు ద్రవ్యజాలంలో ఉంది. మరి కొద్ది నిమిషాలకు గాల్జీ దగ్గర. రెండు గంటల వేళకు జైమోజెన్ రేణువుల్లో. చలనం లేని చిత్రాలను వరసపెట్టి చలనాన్ని రుజువు చేశారు. నా లెక్కలో గత శతాబ్దపు అత్యంత అందమైన ప్రయోగాల్లో అదొకటి.

ఆ మూటల్లోని ఎంజైములు నిద్రాణంగా ఉంటాయి. పేగులోకి దిగాకే మేల్కొంటాయి. దారిలో, గ్రంథిలోనే మేల్కొంటే అవి మాంసాన్ని మాంసంగానే చూస్తాయి, సొంత గ్రంథిని అరిగించేస్తాయి. మితిమీరి తాగేవాళ్లు భరించలేని కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరే క్లోమవాపు అదే.

పక్కనే ఒక రక్తకేశనాళిక అడ్డంగా తెగి ఉంది. అందులో నల్లగా, నిండుగా, ఏ గీతా లేని ముద్ద. మేక ఎర్రరక్తకణం. కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు, ద్రవ్యజాలం లేదు. హిమోగ్లోబిన్‌కు చోటివ్వడం కోసం అన్నీ వదిలేసుకున్న కణం. మన ఎర్రకణాలూ అంతే. అదే కోడి రక్తమైతే కేంద్రకం ఉంటుందని, మొదటి ఏడాది విద్యార్థులు స్లయిడ్ చూడగానే అలా గుర్తుపడతారని అమ్మాయి చెప్పింది.

ఇక మైటోకాండ్రియా. వీటి దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. రెండు పొరలు, లోపలిది మడతలు పడి ఉంటుంది. ఆహారంలోని శక్తితో ఆ మడతకు ఒకవైపు ప్రోటాన్లు పోగవుతాయి. అవి తిరిగి ఇవతలికి వచ్చే దారిలో ఒక ప్రోటీను చక్రం ఉంటుంది. అది నిజంగానే గిర్రున తిరుగుతుంది, తిరుగుతూ కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేస్తుంది. ఆ ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అదే ఏడు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కనుక్కున్నారు. అంతకు నాలుగేళ్ల ముందే భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావులే ఇచ్చారు. జీవరసాయన విద్యార్థులు దాన్ని ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే నేర్చుకుంటారు. ఏటీపీ కణంలో ఏ మూల తయారవుతుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. ఈ మడతల తొలి స్పష్టమైన చిత్రాలు వచ్చింది 1950ల మొదట్లో. ఇంకో అయిదేళ్లు ఉండి ఉంటే చూసేవారు కదా అని ఆ చీకటి గదిలో నాకు బాధగా అనిపించింది. ఆయన పేరు మన పిల్లలకు కణం పాఠంలోనే చెప్పాలి.

అమ్మాయి మాత్రం మైటోకాండ్రియా చూసి మొహం ముడుచుకుంది. ఉబ్బి ఉన్నాయి. మడతలు పక్కలకు నొక్కుకుపోయాయి, మధ్యలో తెల్లగా ఉంది. "ఇది జబ్బా సార్?" అని అడిగింది. పెద్దాయన చక్రం అందుకుని, రెండు మూడు కణాలు తిప్పి చూసి, లైసోసోముల దగ్గర ఆపారు. వాటి పొరలు చెదిరి ఉన్నాయి.

లైసోసోముల సంగతి బయటపడ్డదే ఆలస్యం వల్ల. బెల్జియంలోని లూవెన్‌లో క్రిస్టియన్ డి డ్యూవ్ ఎలుక కాలేయపు ద్రావణంలో ఒక ఎంజైమును కొలిస్తే, ఉండాల్సినదానికంటే చాలా తక్కువ వచ్చింది. ఫ్రిజ్‌లో అయిదు రోజులు ఉంచి మళ్లీ కొలిస్తే బాగా పెరిగింది. ఎంజైము ఏదో సంచిలో ఉంది, నిల్వలో ఆ సంచి పగిలింది అని గ్రహించి, 1955లో దానికి లైసోసోమ్ అని పేరు పెట్టాడు. కణంలో పాతబడిన భాగాలను, బయటి నుంచి లోపలికి తెచ్చుకున్నవాటిని విరగ్గొట్టే సంచి. అందులో ఒక్క ఎంజైము లోపిస్తే ఏమవుతుందో ఆయన సహచరుడు హెన్రీ హెర్స్ 1963లో పాంపే వ్యాధి పిల్లల్లో చూపించాడు. విరగాల్సిన గ్లైకోజెన్ విరగక సంచుల్లో పేరుకుంటుంది, గుండె, కండరాలు బలహీనపడతాయి. అలాంటి బిడ్డ కండరాన్ని ఇలాగే కోసి చూస్తే గ్లైకోజెన్‌తో కుక్కినట్టున్న సంచులు కనిపిస్తాయి. లోపించిన ఎంజైమును సూదిమందుగా ఇవ్వగలుగుతున్నాం ఇవాళ. ధర మామూలు కుటుంబానికి అందదు. డి డ్యూవ్, పలాడీ, వాళ్లకు దారి చూపిన ఆల్బర్ట్ క్లాడ్ 1974లో నోబెల్ పంచుకున్నారు.

"జబ్బు కాదమ్మా, ఆలస్యం" అన్నారు పెద్దాయన. "ఎక్కడ కోశారు, ఎప్పుడు ఫిక్సేటివ్‌లో వేశావు?" కబేళాలో క్లోమం తీసి, కవర్లో పెట్టుకుని, బస్సులో కాలేజీకి తెచ్చాక తరిగిందట. రక్తం ఆగిన నిమిషాల్లోనే మైటోకాండ్రియా ఉబ్బడం మొదలవుతుంది. క్లోమంలో అయితే మరీ, అరిగించే సరుకంతా అక్కడే ఉంది కాబట్టి. పిల్లమేకకు, పెద్దమేకకు తేడా రాయాల్సిన చోట, బస్సు తొందరగా దొరికిన రోజుకు, దొరకని రోజుకు తేడా రాస్తుందని ఆయన వివరించారు.

అమ్మాయి నోట్‌బుక్ తీసి అడగడం మొదలుపెట్టింది. ఫిక్సేటివ్ సీసాలు ఐసు డబ్బాలో కబేళాకే తీసుకెళ్లాలి. అక్కడే, చల్లటి ఫిక్సేటివ్ చుక్కలోనే, కొత్త బ్లేడుతో మిల్లీమీటరు ముక్కలు తరగాలి. ముక్కను పటకారుతో నొక్కకూడదు. సీసా మీద కోసిన నిమిషం, వేసిన నిమిషం రెండూ రాయాలి. రెండు వయసుల మేకలకూ ఆ తేడా ఒకేలా ఉండాలి. "ఈ బ్లాకులు పారేయాలా సార్?" అంది. "పారేయకు. ఆలస్యమైతే ఎలా ఉంటుందో చూపించడానికి నీ థీసిస్‌లో ఒక ప్లేటు వేసుకో" అన్నారాయన. వచ్చే ఆదివారం తెల్లవారుజామున కబేళాకు తోడు వస్తావా అని ఆమె నన్నడిగింది. ఐసు డబ్బా నేను మోస్తానన్నాను.