పరుగు మానుకొమ్మని చెప్పే ముందు

వైద్యవృత్తిలో నేను సంతకం చేసిన కాగితాలకు లెక్క లేదు. వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ నా మనస్సును వదలలేదు. 1988లో నేను ఒక చిన్న పట్టణపు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తూ ఉండగా, తొమ్మిదవ తరగతి చదువుతున్న బాలికను ఆమె తండ్రి తీసుకొనివచ్చాడు. జిల్లా స్థాయి పరుగు పందెానికి ఎంపికైన పిల్ల. పరుగు ఆపిన కొద్ది నిమిషాలకు దగ్గు, ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు వస్తున్నాయి. అరగంట విశ్రమిస్తే తగ్గిపోతున్నాయి. నేను పరీక్షించినప్పుడు ఊపిరితిత్తులు తేటగానే ఉన్నాయి.

“ఆడపిల్లకు ఈ పరుగులు ఎందుకండీ? ఆటలు ఆడకూడదని ఒక కాగితం వ్రాసి ఇప్పించండి” అన్నాడు తండ్రి. ఆ పిల్ల మాత్రం, “మందు వేసుకొని పరుగెత్తవచ్చా డాక్టరుగారూ?” అని అడిగింది. నేను ఆమెకు సమాధానం చెప్పలేదు. తండ్రి అడిగిన కాగితం వ్రాసి ఇచ్చాను.

ఆ ప్రశ్నకు సమాధానం చాలా ఏళ్ళ తరువాత ఇంగ్లాండుకు చెందిన మరొక స్త్రీ జీవితంలో నాకు కనిపించింది. ఆమె పేరు పాలా రాడ్‌క్లిఫ్. 1973లో జన్మించిన ఆమెకు 14 ఏళ్ళ వయస్సులో, అంటే దాదాపు నేను ఆ కాగితం వ్రాసిన కాలంలోనే, వ్యాయామం వలన కలిగే ఉబ్బసం ఉన్నట్లు వైద్యులు గుర్తించారు. ఆమె పరుగు మానలేదు. మందు పీలుస్తూ పరుగెత్తింది.

ఈ ఉబ్బసం ఎలా కలుగుతుందో మీకు చెప్పాలి. పరుగెత్తేటప్పుడు మనము నోటితో వేగంగా గాలి పీలుస్తాము. ముక్కులో వెచ్చబడి తేమ పొందవలసిన గాలి పొడిగానే లోపలికి పోతుంది. శ్వాసనాళికల లోపలి పొర తేమను కోల్పోతుంది. అక్కడి కణాల నుండి హిస్టమిన్ వంటి రసాయనాలు వెలువడి, నాళికల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. పరుగుకు పది పదిహేను నిమిషాల ముందు సాల్బుటమాల్ వంటి మందును ఇన్‌హేలర్‌తో పీలిస్తే, పెక్కుమందిలో ఈ బిగువును నివారించవచ్చును. కొందరికి ప్రతిదినమూ పీల్చే స్టీరాయిడ్ మందు కూడా అవసరమవుతుంది. పరుగుకు ముందు శరీరాన్ని క్రమంగా వేడెక్కించుకోవడం కూడా మేలు చేస్తుంది. ఇన్‌హేలర్ ఒకసారి మొదలుపెడితే వ్యసనంగా మారుతుందనే భయం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. అది నిజం కాదు.

రాడ్‌క్లిఫ్‌కు చిన్నతనంలో రక్తహీనత కూడా ఉండేది. ఇది మనకు మరింత దగ్గరి విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. దూరపు పరుగులు తీసే బాలికలకు ఋతుస్రావంతో పోయే ఇనుముకు తోడు, చెమటలోను, జీర్ణమార్గంలోను కూడా కొంత ఇనుము నష్టమవుతుంది. హిమోగ్లోబిన్ సరిగా ఉన్నా, నిల్వలను తెలిపే ఫెర్రిటిన్ తగ్గి ఉండవచ్చును. “బద్ధకం పెరిగింది” అని మనము మందలించే పిల్లకు నిజానికి ఇనుము తక్కువై ఉండవచ్చును. ఇనుము మాత్రను టీ, కాఫీలతో వేసుకోకండి. అవి దానిని ఒంటపట్టనీయవు.

ఈ రెండు లోపాలతోనే రాడ్‌క్లిఫ్ 1992లో జూనియర్ల ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలో గెలిచింది. లౌబరో విశ్వవిద్యాలయంలో ప్రథమశ్రేణిలో పట్టభద్రురాలైంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల పరుగులో చాలాసేపు ముందుండి, చివరకు నాలుగవ స్థానంతో సరిపెట్టుకొంది. 2002లో మారథాన్‌కు మారింది. 42 కిలోమీటర్లకు పైబడిన ఆ దూరాన్ని 2003 ఏప్రిల్ 13న లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకనులలో పూర్తిచేసింది. అంతకుముందు తానే నెలకొల్పిన ప్రపంచ రికార్డును దాదాపు రెండు నిమిషాలు తగ్గించింది. 2019లో కెన్యాకు చెందిన బ్రిజిడ్ కోస్గీ అధిగమించేవరకు, పదహారేళ్ళపాటు ఆ రికార్డు నిలిచింది.

ఇంతవరకు చదివి, పట్టుదల ఉంటే శరీరం ఎంతైనా ఓర్చుకొంటుందని అనుకోకండి. ఆమె జీవితంలోని రెండవ పాఠం అందుకు భిన్నమైనది.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అందరూ పసిడి పతకం ఆమెదే అనుకొన్నారు. పోటీకి ముందు కాలికి గాయమైంది. వాపు, నొప్పి తగ్గడానికి తీసుకొన్న మందులు కడుపును పాడుచేశాయి. తిన్న ఆహారం ఒంటపట్టలేదు. మండుటెండలో దాదాపు 36 కిలోమీటర్లు పరుగెత్తి, ఇక అడుగు పడక దారిప్రక్కన కూర్చొని విలపించింది. నొప్పి మాత్రలు నొప్పిని అణచుతాయే గాని గాయాన్ని మాన్పవు. జీర్ణాశయపు పొరను దెబ్బతీస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు కూడా హాని చేస్తాయి. పందెం దినాన వాటిని మింగి పరుగెత్తే అలవాటు మన యువతలో ఉంటే, దయచేసి మాన్పించండి.

ఆ ఓటమి తరువాత మూడు నెలలలోపే ఆమె న్యూయార్క్ మారథాన్ గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీలో ప్రపంచ విజేత అయింది. 2007 జనవరిలో కుమార్తెను ప్రసవించింది. శిక్షణకు తిరిగివచ్చిన తరువాత వెన్ను అడుగుభాగాన త్రికాస్థిలో ఒత్తిడి వలన పగులు ఏర్పడింది. ఆమె ఆగింది. ఎముక అతుక్కొనేవరకు వేచి, ఆ నవంబరులో మళ్ళీ న్యూయార్క్‌లో గెలిచింది. నాలుగు ఒలింపిక్స్‌లలో పాల్గొన్నా ఒక్క పతకమైనా ఆమెకు దక్కలేదు. పాదపు బాధతో 2012 లండన్ ఒలింపిక్స్ నుండి తప్పుకొంది. 2015లో, 41 ఏళ్ళ వయస్సులో, లండన్ మారథాన్‌తో పోటీలకు వీడ్కోలు చెప్పింది.

కాబట్టి పరుగెత్తే పిల్ల మీ ఇంట ఉంటే నేను చెప్పదలచినవి కొన్ని ఉన్నాయి. పరుగు తరువాత పిల్లికూతలు వినిపిస్తే శ్వాస పరీక్ష చేయించండి. అలసట పెరుగుతూ ఉంటే రక్తపరీక్ష చేయించండి. నెలసరి మూడు నెలలు రాకపోతే “పరుగెత్తే పిల్లలకు మామూలే” అని ఊరుకోకండి; తినే ఆహారం చాలడం లేదని, ఎముకలు బలహీనపడుతున్నాయని అది హెచ్చరిక కావచ్చును. ఎముకపై ఒకేచోట నొప్పి నిలిచిపోతే పరుగు ఆపించి వైద్యునికి చూపించండి. పరుగెత్తుతూ ఉండగా సొమ్మసిల్లినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గుండె పరీక్ష జరిగే వరకు మళ్ళీ పరుగెత్తనీయకండి.

ఆగవలసిన సమయాలు ఉన్నాయి. అయితే ఎందుకు ఆగాలో, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టవచ్చునో వైద్యుడు చెప్పాలి. నేను ఆ దినాన ఆ రెండూ చెప్పలేదు. ఆ పిల్ల గొప్ప క్రీడాకారిణి అయ్యేదని నేను అనను. ఆ సంగతి తెలుసుకొనే అవకాశం ఆమెకు లేకుండా చేశానని మాత్రమే అంటాను. నా వద్ద మందు ఉన్నది. దానిని వ్రాయడానికి చీటీ ఉన్నది. ఆమె ప్రశ్న కూడా సరియైనదే.

నేడు మీ బిడ్డ అదే ప్రశ్న అడిగితే ఆమెకు బదులు మీరు సమాధానం చెప్పకండి. వైద్యుని ఎదుట ఆమెనే అడగనివ్వండి. ఆయన సమాధానం చెప్పకుండా కాగితం వ్రాయబోతే, “అమ్మాయి అడిగినదానికి చెప్పండి డాక్టరుగారూ” అని మీరు గుర్తుచేయండి.