లె మోర్న్ కొండ కింద ఫిబ్రవరి 1

మారిషస్ ద్వీపపు నైరుతి కొసన, మూడు వైపులా సముద్రం చుట్టుకొన్న నేల మీద నిటారుగా లేచిన లె మోర్న్ బ్రాబాన్ అనే నల్లరాతి కొండ ఎత్తు 556 మీటర్లే అయినా, తీరం వెంట వచ్చే సందర్శకులకు అది చాలా దూరం నుంచే కనబడుతుంది. 18వ శతాబ్దంలోను, 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలోను తోటల నుంచి పారిపోయి వచ్చిన బానిసలు, అంటే చరిత్రలో ‘మరూన్లు’ అనే పేరుతో నిలిచినవారు, ఈ కొండ గుహలలోను, ఎక్కడానికి దాదాపు దారిలేని దాని నెత్తి మీది చదునులోను తలదాచుకొన్నారు. ఆ ప్రతిఘటనకు గుర్తుగానే యునెస్కో 2008లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఈ ద్వీపంలో బానిసత్వం చట్టరీత్యా రద్దయినది 1835 ఫిబ్రవరి 1న కాబట్టి, ఏటా ఆ తేదీన దేశమంతటా సెలవు ఉంటుంది, కొండ కింద 2009లో వెలసిన స్మారక స్థలంలో దేశ నాయకులు పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. యునెస్కో చేపట్టిన ‘బానిసల మార్గం’ కార్యక్రమంలో భాగమైన ఆ స్థలంలో, మనుషులను పట్టి తెచ్చిన దేశాలను తలపించే రాతి శిల్పాలు మధ్యనున్న శిల్పం చుట్టూ నిలిచి ఉన్నాయి. బానిసల జ్ఞాపకం శిల్పాలకే పరిమితం కాలేదు: వారి నడుమ పుట్టిన సెగా అనే పాట, ఆటల సంప్రదాయం ఈ ద్వీపంలో నేటికీ సజీవంగా ఉంది. దానికి ప్రాణమైన రవాన్ అనే మేకతోలు వాద్యాన్ని వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువెక్కిస్తారు.

ఇక్కడ అందరూ చెప్పుకొనే కథ ఒకటి ఉంది. రద్దు ప్రకటన వెలువడినప్పుడు, స్వేచ్ఛ వచ్చిందని చెప్పడానికి ఒక పోలీసు దళం కొండ ఎక్కిందని, తమను పట్టుకోవడానికే వస్తున్నారని భయపడిన మరూన్లు మళ్లీ సంకెళ్లలో పడడం కంటే చావే మేలనుకొని శిఖరం నుంచి దూకారని ఆ కథ సారాంశం. గుహలలో మనుషులు మసలిన ఆనవాళ్లు పురాతత్త్వ పరిశోధకులకు దొరికాయి గాని, వారు ఇలా దూకారని రుజువు చేసే లిఖిత పత్రాలు చరిత్రకారులకు లభించలేదు. అయినా దీనిని కట్టుకథగా తీసివేయడం అన్యాయం. ఎందుకంటే ఈ కథ భద్రపరచిన అపనమ్మకం ఎంత సహేతుకమైనదో నాటి శాసనాలే చెబుతున్నాయి. ఫ్రెంచి పాలకులు 1723లో ఈ ద్వీపానికి వర్తింపజేసిన ‘కోడ్ న్వార్’ అనే బానిసల శాసనం ప్రకారం, నెలరోజులు కనబడకుండా పోయిన బానిస పట్టుబడితే మొదటిసారి చెవులు కోసి భుజం మీద కాల్చిన ముద్ర వేయాలి, రెండోసారి మోకాటి వెనుక నరం తెగగొట్టి రెండో భుజం మీద ముద్ర వేయాలి, మూడోసారి ప్రాణం తీయాలి. అటువంటి శాసనాలు నడిచిన చోట ప్రభుత్వం పంపిన మనుషులు కొండ ఎక్కుతుంటే వారి చేతిలో ఉన్నది విముక్తి పత్రమని ఎవరు నమ్మగలరు?

1810లో ద్వీపాన్ని గెలుచుకొన్న బ్రిటిష్‌వారు తెచ్చిన రద్దు చట్టమైనా పూర్తి స్వేచ్ఛను ఇవ్వలేదు. విముక్తులైనవారు ‘అప్రెంటిస్’లనే పేరుతో, అంటే పని నేర్చుకొనేవారన్న సాకుతో, 1839 మార్చి చివరి వరకు పాత యజమానుల వద్దనే పని చేయవలసి వచ్చింది. బ్రిటిష్ పార్లమెంటు మొత్తం సామ్రాజ్యానికి కేటాయించిన 2 కోట్ల పౌండ్ల పరిహారంలో మారిషస్ వాటాగా వచ్చిన 20 లక్షలకు పైగా పౌండ్లు సుమారు 66 వేల మంది బానిసల యజమానులకే చెందాయి. చాకిరీ చేసినవారికి ఒక్క పెన్నీ దక్కలేదు.

బానిసలు విడుదలైతే తోటలలో ఏర్పడే పనివారి ఖాళీని పూరించడానికి యజమానులు ముందుగానే భారతదేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడలో 36 మంది ఒప్పంద కూలీలు, అంటే నిర్ణీత కాలానికి నిర్ణీత కూలికి కట్టుబడి వచ్చినవారు, పోర్ట్ లూయీలో దిగారు. 1920 వరకు సాగిన ఈ వలసలో వచ్చిన దాదాపు 5 లక్షల మందిలో, గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువారు కూడా ఉన్నారు. ఆ రేవు పేరుతోనే వారిని ‘కోరింగీ’లని పిలిచారు. వారి సంతతి జరుపుకొనే ఉగాది నేడు ఆ దేశంలో సెలవు రోజు. తెలుగు సందర్శకులు సాధారణంగా ఆ వలసకు గుర్తుగా పోర్ట్ లూయీలో ఉన్న ఆప్రవాసీ ఘాట్‌ను చూసి తృప్తి పడతారు గాని, కూలీల చరిత్ర బానిసల చరిత్ర నుంచే మొదలయిందన్న సంగతి లె మోర్న్ కిందికి వచ్చినప్పుడే పూర్తిగా అర్థమవుతుంది. పైగా ఫ్రెంచి కాలపు బానిసలలో ఆఫ్రికా, మడగాస్కర్‌ల వారితో పాటు బెంగాల్ నుంచి, కోరమండల్ తీరం నుంచి తెచ్చినవారూ ఉన్నారు.

పూర్వీకులను వెతుక్కొనే అవకాశం మాత్రం ఈ రెండు వర్గాల సంతతికీ సమానం కాదు. కూలీల సంతతికి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఊరి పేరుతో సహా నమోదైన వలస రికార్డులు ఉన్నాయి. బానిసల సంతతికి మిగిలినవి ఎక్కువగా యజమానులు పెట్టిన పేర్లే. అందుకే కొండ దగ్గరి పాత శ్మశానంలో పురాతత్త్వవేత్తలు వెలికితీసిన అస్థికల జన్యు పరీక్షలలో మొజాంబిక్, మడగాస్కర్ మూలాలు బయటపడడం ఆ కుటుంబాలకు ఎంతో విలువైన విషయం. బానిసత్వ, కూలీ వలసల చరిత్రను విచారించడానికి 2009లో ఏర్పడి 2011లో నివేదిక ఇచ్చిన సత్య న్యాయ కమిషన్ బానిసత్వానికి ఒక మ్యూజియం ఉండాలని సిఫారసు చేసింది. 18వ శతాబ్దంలో బానిసల చేత కట్టించిన పోర్ట్ లూయీ సైనిక ఆసుపత్రి భవనంలో, ఆప్రవాసీ ఘాట్‌కు పక్కనే, ఆ మ్యూజియం ఇప్పుడు ఉంది.