క్రిమ్ల్: టర్బైన్లకు చిక్కని నీరు

పెద్దగా కొండెక్కనవసరం లేదు. ఆస్ట్రియాలోని క్రిమ్ల్ గ్రామం దగ్గర టిక్కెట్టు కొని చెట్ల మధ్య పావుగంట నడిస్తే చాలు, కింది జలపాతం తుంపరలు ముఖాన్ని తడిపేస్తాయి. చాలామంది అక్కడే ఫొటో దిగి వెనుదిరుగుతారు. అది పొరపాటే. మూడు అంచెల్లో 380 మీటర్లు దూకే ఈ నీటి అసలు ఉధృతి పై మలుపుల్లో ఉంది. అక్కడిదాకా ఆల్పైన్ క్లబ్ వేసిన నాలుగు కిలోమీటర్ల బాట ఉంది.

హిమానీనదాల నీరు కావడంతో వేసవిలో సాయంత్రానికి హోరు పెరుగుతుంది. ఇంత నీటిని విద్యుత్ ఇంజనీర్లు వదులుతారా? కాప్రూన్‌లో భారీ ఆనకట్టలు లేచిన 1950లలో ఇక్కడి నీటినీ మళ్లించాలన్న పథకం ముందుకొచ్చింది. జనం సంతకాలు సేకరించి అడ్డుకున్నారు. 1967లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ డిప్లొమా, 1984లో హోహె టౌవెర్న్ జాతీయ పార్కు రక్షణ దక్కాయి. 1964 నాటి లింగనమక్కి ఆనకట్ట వల్ల వానాకాలం దాటితే చిక్కిపోయే కర్ణాటక జోగ్‌ను చూసినవారికి ఆ సంతకాల విలువ ఇట్టే తెలుస్తుంది.