డ్యూటీ దిగేముందు...

ఆదోని అంటే పత్తి మార్కెట్టు, కొండమీద కోట. ఎమ్మిగనూరు అంటే మగ్గాల చప్పుడు, మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం. కానీ ఎమ్మిగనూరుకు రైల్లేదు. ముంబయి వెళ్లాలన్నా, చెన్నై వెళ్లాలన్నా బస్సెక్కి ఆదోనికో, మంత్రాలయం రోడ్డుకో రావాల్సిందే. మద్రాసు, బొంబాయిల నుంచి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలోదే ఆదోని.

ప్లాట్‌ఫాం మీద బండికోసం చూసేవాళ్లకు కనిపించని పని ఒకటి స్టేషన్‌మాస్టర్ గదిలో జరుగుతుంది. అదే డ్యూటీ అప్పగింత! టైమయింది కదాని లేచి వెళ్లడానికి లేదు. ఏ లైన్లో బండి ఆగి ఉంది, పక్క స్టేషన్ నుంచి ఏది బయల్దేరింది, ఏ సిగ్నల్ మొరాయిస్తోంది, ఎక్కడ వేగం తగ్గించాలి... అన్నీ డైరీకెక్కాలి. వచ్చినాయన చదివి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే మొదటాయనకు ఇల్లు.

ఓడల్లో దీన్నే ‘వాచ్’ అంటారు. సంప్రదాయం ప్రకారం నాలుగేసి గంటలు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా మాత్రం రెండు ముక్కలు చేస్తారు... రోజూ ఒకరికే అర్ధరాత్రి కాపలా పడకూడదని. విశాఖలో 2009 జులై 26న జలప్రవేశం చేసిన అరిహంత్ లాంటి అణు జలాంతర్గామిలో ఇది మరీ కీలకం. రియాక్టర్‌ని ఆపినా వేడి వెంటనే చల్లారదు. కనిపెట్టి ఉండేవాళ్లు లేని క్షణమంటూ ఉండకూడదు.

నడిసముద్రమైనా, నల్లరేగడి మధ్య స్టేషనైనా సూత్రం ఒకటే. ‘ఆ లైన్లో బండి ఉంది’ అన్న ఒక్కమాట చెప్పడం మరిస్తే వందల ప్రాణాలకు ముప్పు. నోటిమాటను నమ్ముకోకుండా డైరీ పెట్టింది అందుకే!