నాహాలో దిగిన రెక్క

నాహా వెళ్లొచ్చిన వాళ్లు నీలి సముద్రం గురించీ, ఇంటికప్పుల మీద కాపలా కూర్చునే మట్టి సింహాల గురించీ చెబుతారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది విమానం రెక్క!

టోక్యోలో ఉంటున్న తమ్ముడితో కలిసి ఒకినావా దీవికి బయల్దేరాం. దాదాపు మూడు గంటల ప్రయాణం. కిటికీ సీటు మా అమ్మాయిది. నాహాలో చక్రాలు నేలను తాకిన కాసేపటికి రెక్క ముందు అంచు మెల్లగా వెనక్కి జరిగింది. ‘బాబాయ్‌, రెక్క చిన్నదైపోతోంది’ అంది. తమ్ముడు నావైపు వంగి, ‘సరిగ్గా ఇలా మూసుకున్నాకే ఇక్కడ ఓ విమానం కాలిపోయింది’ అన్నాడు.

2007 ఆగస్టు 20. తైపీ నుంచి వచ్చిన చైనా ఎయిర్‌లైన్స్‌ బోయింగ్‌ 737-800 అది. ముందు అంచులో ఉండే పలకల్ని స్లాట్‌లంటారు. వేగం తగ్గినా విమానం గాల్లో నిలవాలంటే అవి ముందుకు చాచుకోవాలి. దిగాక వెనక్కి వెళ్తాయి. వాటిని మోసే ఉక్కు పట్టాలు దూరడానికి రెక్క లోపల డబ్బాల్లాంటి గూళ్లుంటాయి. చిక్కల్లా ఆ గూళ్ల చుట్టూ ఉండేది ఇంధనమే. రెక్కే కదా ట్యాంకు! ఆరోజు ఓ పట్టా చివరి బోల్టు ఊడి గూట్లో పడింది. వెనక్కొచ్చిన పట్టా దాన్ని ట్యాంకులోకి గుచ్చేసింది. కారిన ఇంధనం వేడి ఇంజిన్‌కు తగిలి మంటలు లేచాయి. లోపలున్న 165 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. పైలట్లు కాక్‌పిట్‌ కిటికీలోంచి దిగారు.

బోల్టు ఎందుకు ఊడింది? ఒక వాషర్‌ లేక. సైకిల్‌ షాపు కుర్రాడు కూడా మర్చిపోకుండా వేస్తాడే, అలాంటిదే. వాషర్‌ లేకపోతే నట్టు రంధ్రంలోంచి జారిపోతుంది. విచిత్రమేమిటంటే ఆ ఏడాది జులైలో ఆ నట్టు విప్పింది అది వదులు కాకుండా చూడ్డానికే! తిరిగి బిగించేటప్పుడు వాషర్‌ లేదని దర్యాప్తులో తేలింది.

అయిదు రోజులకే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆ తరం 737ల స్లాట్‌ గూళ్లను 24 రోజుల్లో తనిఖీ చేయాలంది. సన్నని గొట్టానికి కెమెరా పెట్టి లోపలికి చూడటమన్నమాట. చూస్తే మరికొన్నింట్లోనూ భాగాలు వదులుగా కనిపించాయి. ఆగస్టు 28న గడువు 10 రోజులకు దిగింది. అలాంటి హుకుం వచ్చిందంటే ఇష్టమున్నా లేకున్నా చేయాల్సిందే.

ఆ తర్వాత మోనోరైలెక్కాం. జపాన్‌లో అన్నిటికంటే పడమట ఉన్న రైల్వే స్టేషన్‌ విమానాశ్రయందేనట. మకిషి బజార్లో కింద చేపలు కొనిస్తే పై అంతస్తులో వండి పెట్టారు. బాగా తిరిగాం.

తిరిగి టోక్యోలో దిగాక అందరూ లేచి సంచులు అందుకుంటున్నారు. మా అమ్మాయి మాత్రం కదల్లేదు. రెక్క కింద ఏమైనా కారుతోందేమోనని కిటికీకి నుదురానించి చూస్తోంది.