మనశ్శాస్త్రము నాకు నేర్పిన పాఠము



ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేను మనశ్శాస్త్రమును పరీక్షకొరకు చదివి మంచి మార్కులు తెచ్చుకొంటిని. అయినను ఆ శాస్త్రము నాకు నిజముగా తెలిసినది పుస్తకము మూసిన చాలా యేండ్లకు, ఒక బాలుని మూలమున. చెప్పుటకు సిగ్గుగా నున్నను, ఇతరులకు మేలగునని వ్రాయుచున్నాను.

నేను జమ్మలమడుగునకు రాకపూర్వము వేరొక పాఠశాలలో ఎనిమిదవ తరగతికి పాఠములు చెప్పుచుంటిని. పులివెందుల ప్రాంతపు పల్లెనుండి వచ్చిన బాలు డొకడు ఆ తరగతిలో నుండెను. బోరుబావు లెండిపోయి వాని తండ్రి చీనీతోటను నరికివేసిన సంవత్సర మది. తొలుత చురుకుగా నున్న పిల్లవాడు క్రమముగా ప్రశ్నలకు బదులు చెప్పుట మానెను. వానికి పొగరెక్కినదని నేను నిశ్చయించుకొంటిని. అటుపిమ్మట వాని మౌనము నాకు పొగరుగను, తల వంచుకొనుట కపటముగను తోచెను. వాడు రాత్రులు నిద్రపోవుట లేదనియు, అన్నము వదలివేయుచున్నాడనియు వసతిగృహములోని పిల్లలు చెప్పినను నా చెవి కెక్కలేదు.

ఒకనాడు తరగతి నాయకుని పిలిచి, "వీడు నోరు తెరచువరకు ఎండలో నిలువబెట్టుము" అంటిని. నాయకుడు వాని ప్రాణస్నేహితుడు. "సార్, వీనికి ఒంట్లో బాగులేదేమో" అని మెల్లగా ననెను. "చెప్పినట్లు చేయుము" అంటిని. చేసెను. తరగతి యంతయు చూచుచుండెను. ఒక్కరును నోరు మెదపలేదు. కొంతసేపటికి బాలుడు సొమ్మసిల్లి పడిపోయెను. అట్టి శిక్షలను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినదని నేను ఎరుగనివాడను గాను.

ఇంటివారు గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. గుణము కనబడలేదు. తుదకు ప్రొద్దుటూరిలోని మనోవ్యాధుల వైద్యునియొద్దకు తీసికొనిపోగా నేనును వెంట వెళ్లితిని. ఇది కుంగుబాటను వ్యాధి యనియు, పొగరు గాని దయ్యము గాని కాదనియు ఆయన చెప్పెను. మందు వ్రాసి యిచ్చి, వారమున కొకసారి వానితో మాటాడుచు వచ్చెను. "నేను దేనికిని పనికిరాను" అని బాలు డనగా ఆయన వాదించెడివాడు కాడు. "ఆ మాట తప్పని చూపునది ఈ వారములో ఏదైన జరిగెనా?" అని యడిగి, జరిగినదానిని వానిచేతనే కాగితముపై వ్రాయించెడివాడు. అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960వ దశకమున రూపొందించిన చికిత్సలో ఇది ముఖ్య భాగము.

ఆ ప్రశ్న నాకును తగిలెను. 1960లో పీటర్ వాసన్ అను పండితుడు తాను లండనులో జరిపిన యొక ప్రయోగమును ప్రకటించెను. 2, 4, 6 అను అంకెలను చూపి, "ఇందలి నియమమును కనుగొనుడు, మీరును మూడేసి అంకెలు చెప్పి పరీక్షింపవచ్చును" అనెను. రెండేసి పెరుగునని తలచిన పెక్కుమంది 8, 10, 12 వంటివే చెప్పి, అవుననిపించుకొని పొరపడిరి. అంకెలు పెరుగుచుండవలె ననుటయే అసలు నియమము. 1, 2, 3 అని యొక్కసారి యడిగినను తమ తప్పు తెలిసియుండెడిది. నేనును పొగరునకు సరిపడు గుర్తులనే యేరుకొంటిని. కాదను గుర్తును వెదుకలేదు.

నాయకుని సంగతి యేమి? 1961లో యేల్ విశ్వవిద్యాలయమున స్టాన్లీ మిల్‌గ్రామ్ విధేయతను పరీక్షింప మొదలిడెను. తప్పు చెప్పినవానికి విద్యుత్తు తగిలించు డని ఆజ్ఞ. నిజముగా ఎవరికిని తగలలేదు గాని, మీట నొక్కువారికి అది తెలియదు. మొదటి ప్రయోగమున 40 మందిలో 26 మంది, వారిలో పలువురు వణకుచునే, 450 వోల్టుల కడపటి మీటవరకు పోయిరి. మరియొక ప్రయోగమున ప్రక్కనున్న యిద్దరు "మేము చేయము" అని లేచిపోగా, 40 మందిలో నలుగురే తుదివరకు నిలిచిరి. నా నాయకుడు క్రూరుడు కాడు. వాని సందేహమును నేను నోరు మూయించితిని. తోడు పలుకువా డొక్కడును లేకపోయెను.

కొన్ని నెలలకు బాలుడు కోలుకొని మరల బడికి వచ్చెను. తరగతి యెదుట నేను వానిని క్షమాపణ వేడితిని. నాయకుని గూడ వేడగా, "నేనే కాదనియుండవలసినది సార్" అని కన్నీరు పెట్టుకొనెను. మంచి పిల్లవానిచేత తప్పు చేయించితి ననుబాధ నన్ను నేటికిని వదలలేదు.

తలిదండ్రులారా, బిడ్డ మనస్సు కుంగినప్పుడు దాచవలదు, దండింపవలదు, వైద్యునికి చూపుడు. 2022లో ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యద్వారా ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటాడవచ్చును. విద్యార్థులారా, విధేయత మంచి గుణమే. అయినను గురువు మాటవలన తోటివానికి హాని కలుగునని తోచినచో, లేచి చెప్పుడు. ఒకడు చెప్పినచో రెండవవాడు వానికి తోడు నిలువుడు. ప్రతి సంవత్సరము మొదటి దినమున నేను నల్లబల్లపై 2, 4, 6 అని వ్రాసి, ఈ కథ చెప్పి, ఆ యనుమతిని నా తరగతికి ముందుగానే యిచ్చుచున్నాను.